ఈగ కంటిలో ఇన్ని విశేషాలా!

బాగా మాగిన పండు వంటింట్లో ఒకటి రెండు రోజులు అలాగే ఉండిపోతే చాలు, చుట్టూ చిట్టి ఈగలు మూగుతాయి. ఇలాంటి పండు ఈగల్లో శాస్త్రలోకం అన్నిటికన్నా బాగా ఎరిగిన జాతి డ్రోసోఫిలా మెలనోగాస్టర్. పొడవు రెండున్నర మిల్లీమీటర్లు. కన్ను అర మిల్లీమీటరుకు అటూ ఇటూ. ఇంటర్లో బైపీసీ చదివినవాళ్లకు మోర్గాన్ పేరుతోపాటు ఈ ఈగ కూడా గుర్తుండే ఉంటుంది. పరీక్షలతోపాటు మరిచిపోదగ్గ ప్రాణి మాత్రం కాదిది. తాత లక్షణం మనవడికి ఎలా చేరుతుంది? ఒక కణం తానేం కావాలో ఎలా తెలుసుకుంటుంది? ఈ ప్రశ్నలకు జవాబులు వెతుకుతూ నూరేళ్లకు పైగా శాస్త్రవేత్తలు ఈ కంటినే పరీక్షిస్తున్నారు. ఆ కన్ను ఎలా తయారవుతుందో, దాన్ని తయారుచేసే జన్యువులు మన గురించి ఏం చెప్పాయో చూద్దాం.

ఒక్కో కంట్లో ఎనిమిది వందల గళ్లు

మత్తిచ్చిన ఈగను తెల్లటి పలక మీద పెట్టి, మెత్తటి కుంచెతో పక్కకు తిప్పి మైక్రోస్కోపులో చూస్తే, ఆ కన్ను నున్నగా ఉండదు. తేనెపట్టులా ఆరు పక్కల గళ్లు వరసలు తీరి కనిపిస్తాయి. ఒక్కో గడి ఒక నేత్రాంశం. కంటికి 750 నుంచి 800 దాకా ఉంటాయి. ప్రతి నేత్రాంశంలో వెలుతురును పట్టే కణాలు సరిగ్గా ఎనిమిది. వాటి పైన కటకాన్ని తయారుచేసే శంకు కణాలు నాలుగు. చుట్టూ రంగు కణాలు, గళ్లు కలిసే మూలల్లో సన్నని నూగు వెంట్రుకలు. ఏ గడి చూసినా ఇదే లెక్క. ఈ లెక్క గళ్లలో తప్పడం మొదలైతే వరసలు చెదిరి, కన్ను గరుకుగా మారుతుంది. ఏదో జన్యువులో తేడా వచ్చిందనడానికి ఆ గరుకుతనమే గుర్తు. కణం స్థాయిలో జరిగిన పొరపాటు ఇంత తేలిగ్గా పైకి కనబడే అవయవం దొరకడం జీవశాస్త్రానికి పెద్ద వరం.

కన్ను పోయినా ప్రాణం పోదు

గుండెకు అత్యవసరమైన జన్యువును చెడగొడితే ప్రాణి తొలి దశల్లోనే చనిపోతుంది. ఇక పరిశీలించడానికి ఏమీ మిగలదు. కంటి సంగతి వేరు. సీసాలో పెరిగే ఈగకు మేత కాళ్ల కిందే ఉంటుంది, జత పక్కనే ఉంటుంది. చూపు లేకపోయినా తింటుంది, జతకడుతుంది, గుడ్లు పెడుతుంది. 25 డిగ్రీల వెచ్చదనంలో గుడ్డు నుంచి ఎదిగిన ఈగ రావడానికి 10 రోజులే పడుతుంది. అందుకే కంటి జన్యువులను ఒక్కొక్కటిగా పాడుచేసి, ఏది దేనికి పనికొస్తుందో తరతరాలపాటు చూడగలిగారు.

1910లో ఒక తెల్ల కన్ను

న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గాన్ గది ఇరుకైనది. పాలసీసాల్లో ఈగలు, మేతగా అరటిపండ్లు. ఎర్ర కళ్ల ఈగల మధ్య 1910లో ఒక మగ ఈగ తెల్ల కళ్లతో కనిపించింది. మోర్గాన్ దాన్ని ఎర్ర కళ్ల ఆడ ఈగలతో జతకట్టించాడు. పుట్టిన 1,240 పిల్లల్లో 1,237కు ఎర్ర కళ్లే. మూడింటికి తెల్ల కళ్లు వస్తే, వాటిని కొత్తగా తలెత్తిన మార్పులుగా భావించి పక్కన పెట్టాడు. ఎర్ర కళ్ల పిల్లల్ని వాటిలో వాటినే జతకట్టించినప్పుడు అసలు సంగతి బయటపడింది. ఎర్ర కళ్ల ఆడవి 2,459, ఎర్ర కళ్ల మగవి 1,011, తెల్ల కళ్ల మగవి 782. తెల్ల కళ్ల ఆడ ఈగ ఒక్కటీ లేదు!

అంటే కంటి రంగు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద కూర్చుని ఉంది. ఆడ ఈగకు ఎక్స్‌లు రెండు, ఒకటి చెడినా రెండోది ఆదుకుంటుంది. మగ ఈగకు ఉన్నది ఒక్కటే. అప్పటిదాకా ఊహగానే ఉన్న జన్యువుకు ఒక చిరునామా దొరికింది. మనుషుల్లో ఎరుపు, ఆకుపచ్చ రంగులు తేడా తెలియని వర్ణాంధత్వం తాత నుంచి కూతురి ద్వారా మనవడికి చేరేది కూడా ఇదే దారిలో. మోర్గాన్‌కు 1933లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఒక రాత్రిలో గీసిన పటం

మోర్గాన్ గదిలో పనిచేసిన ఆల్ఫ్రెడ్ స్టర్టెవంట్ 1911లో ఇంకా డిగ్రీ విద్యార్థి. రెండు జన్యువులు క్రోమోజోమ్ మీద ఎంత దూరంగా ఉంటే అవి విడిపోయే అవకాశం అంత ఎక్కువన్న ఆలోచన అతనికి తట్టింది. సంకరాల లెక్కల కాగితాలు ఇంటికి తీసుకెళ్లి, కాలేజీ హోంవర్కు పక్కన పడేసి, రాత్రంతా కూర్చున్నాడు. తెల్లారేసరికి ప్రపంచంలో మొట్టమొదటి జన్యుపటం సిద్ధమైంది. 1913లో అచ్చయిన ఆ పటంలో ఒళ్లు పసుపుగా మార్చే జన్యువును సున్నా దగ్గర పెడితే, తెల్ల కంటి జన్యువు 1.0 దగ్గర, సింధూరపు రంగు కంటి జన్యువు వర్మిలియన్ 30.7 దగ్గర ఉన్నాయి. ఈనాడు మనిషి జన్యుపటాల్లో దూరాన్ని కొలిచే యూనిట్‌కు మోర్గాన్ పేరే పెట్టారు: సెంటీమోర్గాన్.

నియమం తప్పిన పిల్లలే సాక్షులు

తెల్ల కళ్ల తల్లికీ ఎర్ర కళ్ల తండ్రికీ పుట్టే కూతుళ్లన్నీ ఎర్ర కళ్లతో ఉండాలి. చాలా అరుదుగా తెల్ల కళ్ల కూతురు పుట్టేది. మోర్గాన్ గదిలోనే పనిచేసిన కాల్విన్ బ్రిడ్జెస్ దాన్ని వదిలిపెట్టలేదు. తల్లి ఎక్స్‌లు రెండూ విడిపోకుండా ఒకే అండంలోకి వెళ్లి ఉంటాయని ఊహించి, అలాంటి ఆడ ఈగల క్రోమోజోములను మైక్రోస్కోపులో చూశాడు. రెండు ఎక్స్‌లు, ఒక వై. ఊహ అక్షరాలా నిజమైంది. జన్యువులు ఉండేది క్రోమోజోముల మీదే అనడానికి అది తిరుగులేని రుజువు. 1916లో ‘జెనెటిక్స్’ పత్రిక మొదటి సంపుటం ఈ వ్యాసంతోనే మొదలైంది. మనుషుల్లో డౌన్ సిండ్రోమ్ ఎక్కువగా రావడానికి కారణం కూడా ఇలా క్రోమోజోములు విడిపోకపోవడమే.

ఎరుపు వెనక రెండు రంగులు

ఈగ కంటి ఎరుపు నిజానికి రెండు రంగుల కలయిక. ఒకటి నిగనిగలాడే ఎరుపు, రెండోది ముదురు గోధుమ. గోధుమ రంగు తయారీ ఆగిపోతే కన్ను సింధూరంలా మెరుస్తుంది. ఎరుపు ఆగిపోతే గోధుమ రంగులోకి దిగుతుంది. రెండూ లేకపోతే తెల్లబడుతుంది. మోర్గాన్ తెల్ల కళ్ల ఈగలో చెడిన ‘వైట్’ జన్యువు రంగును తయారుచేసేది కాదు, రంగుకు కావలసిన ముడిసరుకును కణంలోపల చేర్చే రవాణా ప్రోటీన్‌ది. సరుకు చేరకపోతే ఏ రంగూ లేదు. ఈ రవాణా ప్రోటీన్‌కు మనలోనూ బంధువులున్నాయి. వాటిలో ఒకటైన ఏబీసీజీ-2 యూరిక్ ఆమ్లాన్ని ఒంట్లోంచి బయటికి పంపే పనిలో ఉంటుంది. అది సరిగా పనిచేయనివారికి కీళ్లను పట్టి బాధించే గౌట్ వచ్చే అవకాశం పెరుగుతుంది.

అన్నట్టు, ఈగ జన్యువులకు పేరు పెట్టే పద్ధతి తెలుసుకుంటే తర్వాతి విశేషాలు తేలిగ్గా బోధపడతాయి. జన్యువు చెడినప్పుడు ఏం కనిపిస్తుందో దాన్నే పేరుగా పెడతారు. అందుకే ‘వైట్’ బాగుంటే కన్ను ఎర్రగా ఉంటుంది, ‘ఐలెస్’ బాగుంటే కన్ను మొలుస్తుంది.

పొట్టలో పెరిగిన కన్ను

జార్జి బీడిల్, బోరిస్ ఎఫ్రుసీ 1935లో ప్యారిస్‌లో చేసిన ప్రయోగం ఇది. ఈగ డింభక దశలో ఉన్నప్పుడే భవిష్యత్తులో కన్ను కాబోయే చిన్న కణాల బిళ్ల లోపల సిద్ధంగా ఉంటుంది. దాన్ని ఒక డింభకం నుంచి తీసి మరో డింభకం పొట్టలో పెట్టారు. ఆ డింభకం ఈగగా మారాక పొట్ట కోసి చూస్తే, లోపల మూడో కన్ను! సింధూరపు కంటి బిళ్లను మామూలు డింభకంలో పెడితే కన్ను మామూలు ముదురు ఎరుపులోకి మారింది. అంటే లోపించిన పదార్థమేదో ఆతిథ్యమిచ్చిన ఒంట్లోంచి అందింది.

ఇక్కడే ఒక అందమైన తర్కం ఉంది. వర్మిలియన్, సిన్నబార్ అనే రెండు జన్యు మార్పులూ (మ్యుటేషన్లు) కంటికి ఒకే రకం మెరుపు ఎరుపు ఇస్తాయి. వర్మిలియన్ బిళ్లను సిన్నబార్ ఒంట్లో పెడితే కన్ను మామూలు రంగుకు వచ్చింది. సిన్నబార్ బిళ్లను వర్మిలియన్ ఒంట్లో పెడితే రాలేదు. కాబట్టి రంగు తయారీలో వర్మిలియన్ మెట్టు ముందు, సిన్నబార్ మెట్టు తర్వాత. ఒక్కో జన్యువు ఒక్కో రసాయన మెట్టుకు కాపలా అన్న ఆలోచన ఇక్కడ మొలకెత్తింది. బీడిల్ దాన్ని ఎడ్వర్డ్ టాటమ్‌తో కలిసి రొట్టె బూజు మీద నిరూపించాడు. 1958 నోబెల్ బహుమతిలో వారిద్దరికీ భాగం దక్కింది.

రెట్టింపైతే చిన్నదైంది

మామూలు ఆడ ఈగ కంట్లో సగటున 779 నేత్రాంశాలు లెక్కపెట్టాడు స్టర్టెవంట్. ‘బార్’ అనే మార్పు ఒక క్రోమోజోమ్ మీద ఉంటే 358, రెండిటి మీదా ఉంటే 68. కన్ను నిలువు గీతలా సన్నబడిపోతుంది. ఏదో ముక్క ఎగిరిపోయి ఉంటుందని ఎవరైనా అనుకుంటారు. బ్రిడ్జెస్ 1936లో డింభకం లాలాజల గ్రంథుల్లోని భారీ క్రోమోజోములను చూసి చెప్పింది దీనికి విరుద్ధం: ఎక్స్ మీద ఒక ముక్క రెండుసార్లు ఉంది. తగ్గడమే కాదు, పెరగడం కూడా లోపమవుతుందని డీఎన్ఏ నిర్మాణం తెలియడానికి 17 ఏళ్ల ముందే ఈగ కన్ను చూపించింది.

చెడకుండానే మూగబోయిన జన్యువు

ఎక్స్ కిరణాలతో మ్యుటేషన్లు పుట్టించవచ్చని 1927లో చూపిన హెర్మన్ ముల్లర్‌కు, అలా పుట్టిన ఈగల్లో ఎరుపు, తెలుపు మచ్చలు కలిసిన కళ్లు కనిపించాయి. 1930లో ఈ సంగతి ప్రకటించాడు. వాటిలో వైట్ జన్యువు చెక్కుచెదరలేదు. క్రోమోజోమ్ విరిగి అతుక్కోవడంలో అది స్థలం మారి, గట్టిగా చుట్టుకుపోయిన డీఎన్ఏ పక్కకు చేరింది. ఆ ముడత కొన్ని కణాల్లో దాని మీదికీ పాకి నోరు నొక్కింది, కొన్నిట్లో వదిలేసింది. జన్యువులో ఏం రాసి ఉందన్నదే కాదు, అది ఏ పొరుగున ఉందన్నదీ ముఖ్యమేనని తేలింది. డీఎన్ఏ ఎలా చుట్టుకుని ఉంటే జన్యువు పలుకుతుంది, ఎలా ఉంటే మూగబోతుంది అనే పరిశోధన ఇప్పుడు పెద్ద శాస్త్రం. హైదరాబాద్‌లోని సీసీఎంబీలో కూడా ఆ ప్రశ్నల కోసం ఈ ఈగలను పెంచారు.

కంటి మీదుగా సాగే గాడి

కన్ను అంతా ఒకేసారి తయారుకాదు. డింభకం చివరి దశలో కంటి బిళ్లకు వెనక అంచున సన్నని గాడి ఒకటి పడుతుంది. అది మెల్లగా ముందుకు కదులుతుంది. గాడికి ముందు కణాలన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఏ గుర్తింపూ లేదు. గాడి దాటగానే కణాలు చిన్న చిన్న గుంపులుగా సర్దుకుంటాయి. సుమారు రెండు గంటలకు ఒక కొత్త వరస. ఇలా దాదాపు రెండు రోజులు. ఒకే బిళ్లను మైక్రోస్కోపు కింద పెడితే ముందు వైపు మొదలుకాని పని, మధ్యలో ఇప్పుడే మొదలైన పని, వెనక పూర్తి కావస్తున్న పని, అన్ని దశలూ వరసగా ఒకే చూపులో కనిపిస్తాయి. కాలమంతా ఒక పలక మీద పరిచి ఉంటుంది. డొనాల్డ్ రెడీ, థామస్ హాన్సన్, సేమోర్ బెంజర్ 1976లో ఈ గాడిని వివరించి, కంటి నిర్మాణాన్ని నాడీకణాలతో కట్టిన స్ఫటికంగా అభివర్ణించారు.

పుట్టుక కాదు, పొరుగే నిర్ణయిస్తుంది

ఒక్కో గడిలో వెలుతురును పట్టే ఎనిమిది కణాలూ ఒకే తల్లికణం సంతానమేమో అని వెతికితే కాదని తేలింది. ఏ కణానికైనా ఏ పదవైనా దక్కవచ్చు. గాడి పడే చోట మొదట ‘ఎటోనల్’ జన్యువు చాలా కణాల్లో వెలుగుతుంది. పక్కపక్క కణాలు ‘నాచ్’ అనే గ్రాహకం ద్వారా ఒకదాన్నొకటి అణచుకుంటాయి. చివరికి గుంపుకు ఒక్క కణంలోనే ఎటోనల్ మిగులుతుంది. అదే ఎనిమిదో కణం ఆర్-8. సంఖ్య ప్రకారం ఆఖరిదైనా తయారయ్యేది మొట్టమొదట. అది పక్కనున్న రెండిటిని పిలుస్తుంది, తర్వాత మరో రెండు, మళ్లీ రెండు, అన్నిటికన్నా చివర ఆర్-7. ఎలుకల్లో, మనుషుల్లో రెటీనా నుంచి మెదడుకు తీగలు పంపే కణాలు పుట్టడానికి కూడా ఎటోనల్ బంధువైన జన్యువే కావాలి.

ఏడోది లేని ఈగ

ఈగలకు అతినీలలోహిత కాంతి అంటే ప్రాణం. ఆర్-7 కణం ఆ కాంతినే పడుతుంది. కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో బెంజర్ బృందం ఈగల ముందు రెండు దారులు పెట్టింది. ఒక చివర అతినీలలోహిత కాంతి, మరో చివర మన కంటికి కనిపించే వెలుతురు. మామూలు ఈగలన్నీ మొదటిదాని వైపు పరుగెత్తాయి. కొన్ని మాత్రం రెండో వైపు నడిచాయి. వాటి కళ్లు పరీక్షిస్తే ప్రతి గడిలోనూ ఏడో కణం లేదు. 1976లో వెల్లడైన ఈ మ్యుటేషన్ పేరు ‘సెవెన్‌లెస్’. ఏడోది కావలసిన కణం పిలుపు వినలేక, కటకం తయారుచేసే కణంగా స్థిరపడిపోయింది.

పిలుపు ఎవరిది? ఆర్-8ది. ఆర్-8 ఒంటి మీద ఉండే ప్రోటీన్ ‘బ్రైడ్ ఆఫ్ సెవెన్‌లెస్’, అంటే సెవెన్‌లెస్ వధువు. అది ఆర్-7 మీది గ్రాహకాన్ని తాకుతుంది. లోపల ‘సన్ ఆఫ్ సెవెన్‌లెస్’ కదిలి, ‘రాస్’ అనే ప్రోటీన్‌ను మేల్కొల్పుతుంది. ఇక్కడే శాస్త్రవేత్తలు ఉలిక్కిపడ్డారు. రాస్ వాళ్లకు అప్పటికే తెలిసిన పేరు. మనిషి క్యాన్సర్లలో సుమారు అయిదింట ఒకదానిలో చెడి కనిపించేది రాస్ జన్యువే. అది ఎవరి మాట వింటుందో, ఎవరికి చెబుతుందో ముక్క ముక్కగా అతికించడంలో 1990ల తొలినాళ్లలో ఈగ కన్ను చేసిన సాయం చాలా పెద్దది. సన్ ఆఫ్ సెవెన్‌లెస్‌కు మనలో ఉన్న జతజన్యువు సాస్-1లో మార్పు వస్తే కొందరు పిల్లలకు నూనన్ సిండ్రోమ్ వస్తుందని 2007లో తెలిసింది. గుండె లోపాలు, పొట్టి ఎత్తు దాని లక్షణాలు.

గాడిని నెట్టే హెడ్జ్‌హాగ్

కంటి బిళ్ల మీద గాడిని ముందుకు నడిపేది హెడ్జ్‌హాగ్ ప్రోటీన్. తయారైన కణాలు దాన్ని విడుదల చేస్తాయి, ముందున్న కణాలు అందుకుని తాము తయారవడం మొదలుపెడతాయి. ఈ జన్యువును క్రిస్టియాన్ న్యూస్లైన్-ఫోల్‌హార్డ్, ఎరిక్ వీషాస్ 1980లో ఈగ పిండాల్లో గుర్తించారు. 1995 నోబెల్ బహుమతి వారిని వరించింది. ఈ సంకేతం మన చర్మంలో అదుపు తప్పితే బేసల్ సెల్ క్యాన్సర్ వస్తుంది. ఆ దారిని మూసే మందు విస్మోడెగిబ్‌కు 2012లో అమెరికాలో అనుమతి లభించింది. మరో వింత: మెక్సికో గుహల్లో చీకట్లో బతికే గుడ్డి చేపల్లో ఇదే కుటుంబపు జన్యువు పిండదశలో మామూలుకన్నా ఎక్కువ మేర పనిచేస్తుంది. ఈగలో కంటిని నడిపించే సంకేతం, చేపలో అతి అయి కంటిని పోగొట్టింది.

కాలి మీద కన్ను మొలిచింది!

కళ్లు లేని, లేదా కళ్లు బాగా చిన్నవైన ఈగలను మిల్డ్రెడ్ హోజ్ 1915లోనే వర్ణించింది. ఆ జన్యువు ‘ఐలెస్’ అన్నిటికన్నా చిన్నదైన నాలుగో క్రోమోజోమ్ మీద ఉంది. దాదాపు 80 ఏళ్లు అది జాబితాలో ఒక పేరు మాత్రమే. స్విట్జర్లాండ్‌లోని బాసెల్ విశ్వవిద్యాలయంలో వాల్టర్ గెరింగ్ బృందంలో రెబెక్కా క్విరింగ్ వేరే జన్యువు కోసం వెతుకుతుంటే అనుకోకుండా ఇది దొరికింది. 1994లో దాని అక్షరాలు చదివి చూస్తే, ఎలుకల్లో కళ్లు చిన్నవి చేసే జన్యువు, మనుషుల్లో కనుపాప చుట్టూ ఉండే రంగు పొర లేకుండా చేసే జన్యువు, ఈగ ఐలెస్ ఒకే జన్యువుకు మూడు రూపాలని తేలింది. దాని పేరు పాక్స్-6.

మరుసటి ఏడాది గియోర్గ్ హాల్డర్, పాట్రిక్ కాలెర్ట్స్, గెరింగ్ ఇంకో అడుగు వేశారు. ఐలెస్‌ను అది ఎన్నడూ పనిచేయని చోట్ల, అంటే కాళ్లు, రెక్కలు, మీసాలు కాబోయే కణాల్లో పనిచేయించారు. అక్కడ కళ్లు మొలిచాయి. ఎర్రటి రంగు, ఆరు పక్కల గళ్లు, కటకాలు, వెంట్రుకలు, కాంతిని పట్టే కణాలు, అన్నీ ఉన్నాయి. తర్వాత ఎలుక పాక్స్-6ను ఈగలో పెట్టారు. అప్పుడూ కన్ను మొలిచింది. ఎలుక కన్ను కాదు, ఈగ కన్నే! ‘ఇక్కడ కన్ను కట్టు’ అన్న ఆజ్ఞ ఎలుకదైనా ఈగ కణాలకు అర్థమైంది. ఎలాంటి కన్ను కట్టాలన్నది మాత్రం ఈగ తన పద్ధతిలోనే నిర్ణయించుకుంది. ఎలుక పూర్వీకులు, ఈగ పూర్వీకులు విడిపోయి 50 కోట్ల ఏళ్లు దాటింది. అన్నేళ్లూ ఆ ఆజ్ఞ చెరగలేదన్నది తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.

పాఠ్యపుస్తకాలను కదిలించిన జన్యువు

జంతులోకంలో కళ్లు 40 నుంచి 65 సార్లు విడివిడిగా పుట్టి ఉంటాయని సాల్విని-ప్లావెన్, ఎర్నస్ట్ మేయర్ 1977లో అంచనా వేశారు. ఈగది గళ్ల కన్ను, మనది కెమెరా కన్ను, కట్టుబడిలో పోలికే లేదు. కానీ రెండిటి పనీ మొదలుపెట్టే జన్యువు ఒకటే. స్క్విడ్ పాక్స్-6 కూడా ఈగలో కన్ను మొలిపించింది. దీంతో కంటి పరిణామం గురించిన చర్చ మళ్లీ మొదటికొచ్చింది. కట్టడాలు వేరువేరుగా ఎదిగినా, వెలుతురును పట్టే తొలి కణం, దాన్ని నడిపే తొలి జన్యువులు ఉమ్మడి పూర్వీకుడి నుంచే వచ్చి ఉండవచ్చన్న వాదానికి బలం చేకూరింది.

రాజు ఒక్కడే కాదు

ఐలెస్‌ను ‘మాస్టర్ జన్యువు’ అన్నారు. ఆ మాట సగమే నిజం. దానికన్నా ముందు ‘ట్విన్ ఆఫ్ ఐలెస్’ ఉంది. తర్వాత ‘సైన్ ఆక్యులిస్’, ‘ఐస్ ఆబ్సెంట్’, ‘డాక్స్‌హుండ్’ ఉన్నాయి. ఇవన్నీ ఒకదాన్నొకటి ఉసిగొల్పుతాయి, కింద ఉన్నవి పైవాటిని కూడా తిరిగి మేల్కొల్పుతాయి. ఐస్ ఆబ్సెంట్, డాక్స్‌హుండ్ కూడా కొత్త చోట కళ్లు మొలిపించగలవని 1997లో తేలింది. ఐస్ ఆబ్సెంట్‌కు మనలో ఉన్న జత జన్యువు చెడితే చెవి, మెడ, మూత్రపిండాల లోపాలు పుట్టుకతో వస్తాయి. ఈగలో కంటికి పనికొచ్చే బృందం మనలో చెవికీ కిడ్నీకీ కూడా పనిచేస్తోందన్నమాట.

యాదృచ్ఛికమూ ఒక పద్ధతే

ఇంత కచ్చితమైన కంట్లో ఒక విషయాన్ని ప్రకృతి అదృష్టానికి వదిలేసింది. రంగులు గుర్తించడంలో నేత్రాంశాలు రెండు రకాలు. ఒక రకం 30 శాతం, రెండో రకం 70 శాతం. ఏ గడి ఏ రకమో ముందుగా చెప్పలేం. ఆర్-7లో ‘స్పైన్‌లెస్’ జన్యువు వెలిగితే ఒక రకం, వెలగకపోతే మరొకటి అని 2006లో కనుగొన్నారు. అది ఎక్కడ వెలగాలన్న నియమం లేదు, మొత్తం మీద నిష్పత్తి మాత్రం నిలుస్తుంది. అందువల్ల రెండు రకాలూ కంటి అంతటా చల్లినట్టు పరుచుకుంటాయి. మన రెటీనాలో కూడా ఎరుపును, ఆకుపచ్చను పట్టే శంకు కణాలు ఇలా ఏ వరసా లేకుండా కలగలిసే ఉంటాయి.

మిరపకాయ ఘాటుకు ఈగ కన్ను దారి చూపింది

వెలుతురు వదలకుండా పడుతున్నా చూపు కాసేపటికే ఆరిపోయే ఈగలను 1969లో కనుగొన్నారు. ఆ జన్యువు పేరు ట్రిప్. క్రెయిగ్ మాంటెల్, గెరాల్డ్ రూబిన్ 1989లో దాన్ని చదివారు. అది కణపొరలో అయాన్లు దూరే చిన్న ద్వారం. అదే కుటుంబపు ద్వారం ఒకటి మన నాడుల్లో ఉందని డేవిడ్ జూలియస్ 1997లో తేల్చాడు. మిరపకాయలోని క్యాప్సైసిన్ తాకినా, బాగా వేడి తగిలినా తెరుచుకునేది అదే. గుంటూరు కారం నాలుకను మండించే ఆ ద్వారానికి మొదటి బంధువు ఈగ కంట్లో దొరికింది. జూలియస్‌కు 2021 నోబెల్ బహుమతిలో భాగం లభించింది.

కెరోటిన్ లేని ఈగ గుడ్డిది

ఈగ కూడా మనలాగే విటమిన్-ఏ కుటుంబపు అణువు లేనిదే చూడలేదు. కెరోటిన్ లేని మేత పెడితే కంటి సున్నితత్వం పడిపోతుంది. మునగాకు, బొప్పాయి, క్యారెట్లలోని బీటా కెరోటిన్‌ను మధ్యకు విడగొట్టి ఆ అణువును తయారుచేసే ఎంజైమ్ జన్యువును జంతువుల్లో మొదటిసారి 2000లో పట్టుకున్నది ఈగలోనే. పేరు ‘నైనా-బి’.

కన్ను ఎర్రబడితే పని అయినట్టే

ఈగలోకి కొత్త జన్యువును పంపడం 1982లో అలన్ స్ప్రాడ్లింగ్, గెరాల్డ్ రూబిన్ సాధించారు. కంటి రంగు లోపించిన ఈగల పిండాల్లోకి, ‘రోజీ’ అనే కంటి రంగు జన్యువును ఎగిరే డీఎన్ఏ ముక్కలో పెట్టి ఎక్కించారు. తర్వాతి తరంలో మామూలు రంగు కళ్లు కనిపించాయి, అంటే పని ఫలించింది. ఈనాటికీ చాలా ప్రయోగశాలలు తెల్ల కళ్ల ఈగలతో మొదలుపెడతాయి. పంపే జన్యువుకు తోడుగా చిన్న వైట్ జన్యువును జతచేస్తాయి. వేల ఈగల్లో రంగు కంటిది కనిపిస్తే చాలు, ఏ రసాయన పరీక్షా లేకుండా అసలైనది దొరికినట్టే.

మన జబ్బు ఈగ కంట్లో

హంటింగ్టన్ అనే నాడీ జబ్బు ప్రోటీన్ ముక్కను 1998లో ఈగ కంటి కణాల్లో పెట్టారు. కణాలు మెల్లమెల్లగా నశించాయి. మనుషుల్లోలాగే లోపభాగం పొడవు పెరిగేకొద్దీ నష్టమూ పెరిగింది. అలాంటిదే మరో నాడీ జబ్బును నాన్సీ బోనిని బృందం ఈగ కంట్లో చూపించింది. ప్రోటీన్లను సరిగా మడిచే హెచ్‌ఎస్‌పీ-70 తోడిస్తే ఆ కన్ను చెడకుండా నిలిచిందని మరుసటి ఏడాది తేల్చింది. మనుషుల జబ్బులకు సంబంధించిన జన్యువుల్లో దాదాపు 75 శాతానికి ఈగలో జత ఉంది.

బొంబాయి రవ్వ, బెల్లం, అగర్

ఈగలను పెంచడానికి లక్షలు అక్కర్లేదు. మైసూరు విశ్వవిద్యాలయంలో డ్రోసోఫిలా నిల్వ కేంద్రం ఉంది. అక్కడి మేత బొంబాయి రవ్వ, బెల్లం, అగర్, బూజు పట్టకుండా కాస్త ప్రొపియానిక్ ఆమ్లం. బెంగళూరులోని ఎన్‌సీబీఎస్‌లో ఈగ కంటి కణాలు వెలుతురును సంకేతంగా ఎలా మార్చుకుంటాయో పరిశోధిస్తున్నారు. కళ్లు ఆరోగ్యంగా ఉన్న విద్యార్థి, ఒక మామూలు మైక్రోస్కోపు, నాలుగు సీసాలు ఉంటే మోర్గాన్ సంకరాన్ని మన డిగ్రీ కాలేజీలోనే నెల రోజుల్లో మళ్లీ చేసి చూడవచ్చు. పుస్తకంలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకునే పిల్లలకు ఆ నెల రోజులు ఇప్పించాలి.

దీనివల్ల ఉపయోగమేమిటని అడిగేవారికి

ఈగ అతినీలలోహిత కాంతి వైపు ఎందుకు వెళ్లలేదని అడిగినవారు క్యాన్సర్ మందు కోసం వెతకలేదు. వెలుతురులో చూపు ఎందుకు ఆరిపోతోందని అడిగినవారికి నొప్పి మీద ధ్యాస లేదు. కళ్లు లేని ఈగను వర్ణించిన మిల్డ్రెడ్ హోజ్‌కు, ఆ జన్యువే మనుషుల కంటి జబ్బుకూ మూలమని తెలిసే వీలు లేదు. వాళ్లు అడిగింది చిన్న ప్రశ్న, వెతికింది శ్రద్ధగా, లెక్కపెట్టింది నిజాయితీగా. వైద్యం దాని వెంట దశాబ్దాల తర్వాత వచ్చింది. కాబట్టి ఈగ కళ్లు లెక్కపెట్టే పరిశోధనకు డబ్బు దండగ అనే మాట వినబడితే, పాక్స్-6 పేరు, రాస్ పేరు ధైర్యంగా చెప్పండి. అలాంటి పరిశోధనకు జీతం, స్థలం, కాలం ఇచ్చే సమాజమే రేపటి మందులకు విత్తనం వేసుకుంటున్నట్టు.